మండపంలో ఓక్ నేలకు విరాళాల విజ్ఞప్తి: ఏ గ్రేడు కొంటున్నాం, ఎందుకు

భక్తులందరికీ నమస్కారం.

అమెరికాలోని మన ఆలయంలో గర్భగుడి, ప్రదక్షిణ మార్గం గ్రానైటుతోనే ఉంటాయి. అభిషేకజలం, నూనె, కొబ్బరినీళ్లు పడే చోట చెక్క నిలవదు. సాంస్కృతిక మండపం సంగతి వేరు. అక్కడ కాంక్రీటుకు అంటించిన వినైల్ టైళ్లు లేచిపోయాయి. పైగా ఆ నేలలో కాస్తయినా మెత్తదనం లేక కూచిపూడి పిల్లలకు మడమలు, మోకాళ్లు పట్టేస్తున్నాయి. అందుకే వేదికకు 600, హాలుకు 1,800 చదరపు అడుగుల వైట్ ఓక్ చెక్క నేల వేయాలని కమిటీ తీర్మానించింది.

దేవుడి పనికి అన్నిటికన్నా మేలురకమే కొనాలి కదా అని చాలామంది దాతలు అడుగుతున్నారు. ఇక్కడ పాలిష్ పెట్టని ఓక్ పట్టీలకు క్లియర్, సెలెక్ట్, నంబర్ 1 కామన్, నంబర్ 2 కామన్ అని నాలుగు ప్రధాన గ్రేడులున్నాయి. గ్రేడును బట్టి మారేది రంగు తేడాలు, ముడులు, పురుగు రంధ్రాలు, పట్టీల పొడవు. చెక్క గట్టిదనం మారదు. చెక్క ఎంత గట్టిదో చెప్పే జాంకా కొలతలో వైట్ ఓక్‌ది 1,360. ఖరీదైన క్లియర్‌కైనా, చౌకైన నంబర్ 2కైనా అంతే. క్లియర్‌కు ఎక్కువ పెట్టేదంతా చూపు కోసం, పొడవైన పట్టీల కోసమే. దుకాణాల్లో వినబడే ‘ప్రీమియం’, ‘రస్టిక్’ లాంటివి ఒక్కో కంపెనీ ఒక్కో అర్థంలో వాడే పేర్లు. కొటేషన్‌లో వాటిని మేం ఒప్పుకోం.

వేదికకు మాత్రం సెలెక్ట్ కావాలి. దాని పట్టీలు సగటున 3¼ అడుగులు, నంబర్ 2వి 2¼. అంటే 20 అడుగుల వరసలో సుమారు ఆరు ముక్కలు సరిపోయే చోట తొమ్మిది పడతాయి. అతుకు దగ్గర అంచు వెంట్రుకవాసి లేచినా ఉత్తకాలితో తట్టే పిల్లకు గుచ్చుకుంటుంది. ముడిలో నింపిన పుట్టీ కూడా అడుగుల దెబ్బకు ఊడి గుంట పడుతుంది. హాల్లో కూర్చునే, నడిచే చోట నంబర్ 1 కామన్ చాలు. ఆ ముడులు, రంగు తేడాలు చూడ్డానికీ బాగుంటాయి. కోతల్లో పోయేదానికి వేదికకు 5 శాతం, హాలుకు 10 శాతం కలిపి మొత్తం 2,610 చదరపు అడుగులు కొంటాం.

గ్రేడు కన్నా నేలను ఎక్కువగా పాడుచేసేది తేమ. కాంక్రీటు మీద తేమ ఆపే షీటు, వేదిక వరకు రబ్బరు ప్యాడ్లు, ఆపైన ప్లైవుడ్, దాని మీద ముప్పావు అంగుళం మందం, 2¼ అంగుళాల వెడల్పున్న పట్టీలు వస్తాయి. హీటింగు నడుస్తున్న హాల్లోకే చెక్క దించాలి. పట్టీకీ ప్లైవుడ్‌కీ తేమ తేడా 4 శాతానికి మించితే మేకు కొట్టనివ్వం. తడి మీద బిగిస్తే చలికాలంలో సందులు తెరుచుకుంటాయి. గోడల వెంట ముప్పావు అంగుళం ఖాళీ వదలాలి. లేదంటే వేసవిలో ఉబ్బి నేల పైకి లేస్తుంది.

కలప, ప్లైవుడ్, కూలీ, మూడు పూతలు కలిపి చదరపు అడుగుకు 16 డాలర్లు, మొత్తం 38,400. ఒక్క అడుగు ఇచ్చినా, పది అడుగులు ఇచ్చినా మాకు సమానమే. చెక్కు మీద ‘మండపం నేల’ అని రాసి హుండీలో గానీ ఆఫీసులో గానీ ఇవ్వండి, రసీదు ఇస్తాం. వెయ్యి చదరపు అడుగులకు 40 పట్టీల చొప్పున తేమ మీటరుతో చూసి రాసుకోవడానికి నలుగురు సేవకులు కూడా కావాలి. మీటరు ఎవరి దగ్గరైనా ఉంటే తెచ్చిపెట్టండి.

ఇట్లు,
ఆలయ నిర్మాణ కమిటీ