రాచకొండ ఎక్కేవాళ్ళకు దారి చూపేదెవరు?

సంపాదకులకు,

మీ ఆదివారం సంచికలో హైదరాబాద్‌కు దగ్గర్లోని ట్రెక్కింగ్ చోట్ల గురించి వేసిన పేజీ చూసి ఇది రాస్తున్నాను. రాచకొండకు ఒక ఫోటో, నాలుగు లైన్లు దక్కాయి. పొద్దున్నే వెళ్తే సాయంత్రానికి తిరిగి రావచ్చని రాశారు. వెళ్ళడం వరకు నిజమే. తిరిగి రావడం గురించే ఈ ఉత్తరం.

నేను రిటైరైన లెక్కల మాస్టారిని. 63 ఏళ్ళు. పోయిన నవంబరులో ఒక ఆదివారం మా అల్లుడితో, పదో తరగతి మనవడితో కలిసి వెళ్ళాను. చౌటుప్పల్ దాకా విజయవాడ హైవే, అక్కడ కుడికి తిరిగితే సంస్థాన్ నారాయణపురం, ఆపైన గుట్టలు, తండాలు. మా ఫోన్లలో సిగ్నల్ పోయింది. "మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేశాను, టెన్షన్ పడకు తాతయ్యా" అన్నాడు మనవడు.

కోట ద్వారం దగ్గర అరగంట కదల్లేదు నేను. ఇరుపక్కలా నిలువెత్తు రాతి కంబాలు, వాటి మీద అడ్డంగా ఒకే రాతి దూలం. సున్నం లేదు, గచ్చు లేదు. జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి రెండు రాళ్ళ సందులో దూర్చబోతే అంచు కూడా పట్టలేదు. కాకతీయుల తర్వాత, 14వ శతాబ్దంలో రేచర్ల అనపోతనాయకుడు కట్టించిన కోట ఇది. ఆయన కొడుకే, కవీ పండితుడూ అయిన రాజు సర్వజ్ఞ సింగభూపాలుడు. మా స్కూల్లో తెలుగు పండితులు ఆ పేరును రాగం తీసి చెబుతుంటే ఎన్నోసార్లు విన్నాను గానీ, ఆ సర్వజ్ఞుడి ఊరు మా ఇంటికి రెండు గంటల దూరమని ఎప్పుడూ తట్టలేదు. 2016లో పోలీసు కమిషనరేట్‌కు పెట్టాక రాచకొండ పేరైతే అందరికీ తెలిసింది. కొండ చూసినవాళ్ళు ఎంతమంది?

దిగేటప్పుడు దారి తప్పాం. మేకల దారి, మనుషుల దారి ఒకేలా ఉన్నాయి, ఎక్కడా ఒక్క బాణం గుర్తు లేదు. మనవడి ఫోన్‌లో నీలం చుక్క గోడకు అవతల, మేము ఇవతల. ఆ రోజు కొండెక్కిన మిగతావాళ్ళంతా ఎప్పుడో దిగిపోయారు. సీసాలో నాలుగు గుక్కల నీళ్ళున్నాయి. అప్పుడు సీతాఫలం పొదల్లోంచి ఒక లంబాడీ అమ్మ కేకేసింది: "ఓ సారూ, గటు పోకుండ్రి, అటు దిగనీకి రాదు!" మేకల్ని వదిలేసి మరీ మాతో కింది దాకా వచ్చింది.

దారిలో ఒక పాడుబడ్డ గుడి వెనక కొత్తగా తవ్విన గుంత చూపించింది. నడుము లోతు ఉంటుంది. ఎండిన నిమ్మచెక్కలు, కుంకుమ, పక్కన తలకిందులైన నంది. "నిధి కోసం రాత్రిళ్ళు బండ్ల మీద వస్తరు సారూ. మేమడిగితే మీదికొస్తరు" అంది. మా మనవడు నంది మూతికి అంటిన మట్టిని చేత్తో తుడిచాడు. డబ్బు ఇవ్వబోతే వద్దంది. బలవంతాన చేతిలో పెడితే వాడి సంచి నిండా సీతాఫలాలు పోసింది.

తర్వాత ఒక ఆఫీసుకు వెళ్ళి దారి గుర్తుల సంగతి అడిగాను. పెద్ద ప్రాజెక్టు వస్తే అన్నీ అవే వస్తాయన్నారు. 2014లో ఇక్కడ ఫిల్మ్ సిటీ అన్నప్పటి నుంచీ పెద్ద మాటలు వింటూనే ఉన్నాం. నేనడిగింది ఒక డబ్బా పసుపు పెయింటు. అదీ నేల మీది బండలకే, కోట రాళ్ళకు కాదు. ఇంకా, తండాల నుంచి నలుగురిని శని, ఆదివారాల్లో దారి చూపడానికి పెట్టమన్నాను. మనిషికి రోజుకు 600 చొప్పున, నెలకు ఎనిమిది రోజులనుకుంటే 19,200 రూపాయలు. ఎక్కేవాళ్ళ దగ్గర తలా 50 తీసుకుంటే 384 మంది వస్తే చాలు. మేం వెళ్ళిన ఒక్క ఆదివారమే గుట్ట కింద నలభైకి పైగా బళ్ళు లెక్కపెట్టాను. మిగతా లెక్క వాళ్ళకే వదిలేశాను. గుంతలు తవ్వేవాళ్ళు కనబడితే ఫోన్ చేయడానికి ఒక నంబరు కూడా ఆ నలుగురి చేతిలో ఉంటే ఆ నంది ఉన్నచోటే ఉండేదేమో.

మీరు ఈసారి ఆ పేజీ వేసేటప్పుడు, తండాలో ఎవరినైనా కూలి ఇచ్చి వెంట తీసుకెళ్ళమని ఒక్క ముక్క చేర్చండి. మధ్యాహ్నం మూడు దాటాక ఎక్కడం మొదలుపెట్టొద్దని కూడా.

– ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు,
వనస్థలిపురం, హైదరాబాద్