వర్కల గాలికి మన ప్యాకేజీ టైం తెలియదు

ఎడిటర్ గారికి,

నమస్కారం. సెలవులు దగ్గరపడితే చాలు, హనుమకొండలో ట్రావెల్స్ వాళ్ల ఫ్లెక్సీల మీద గోవా, కేరళలోని వర్కల ప్యాకేజీలు మొదలవుతాయి. ఈ మధ్య వాటిలో కొత్త లైను ఒకటి చేరింది: 'మూడో రోజు ఉదయం 9 గంటలకు పారాగ్లైడింగ్'. పత్రికల పర్యాటక పేజీల్లోనూ ఇదే తీరు. ఫొటో ఉంటుంది, రేటు ఉంటుంది, ఫోన్ నంబరు ఉంటుంది. గాలి ఎటు నుంచి రావాలి, ఒంటికి ఎన్ని పట్టీలు బిగించాలి అన్న మాట మాత్రం ఉండదు. మనవి సముద్రం లేని జిల్లాలు. వరంగల్‌లో కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వర్కలలో దిగే కుటుంబానికి అక్కడి గాలి సంగతి ఎవరో ఒకరు ముందే చెప్పాలి కదా.

మొదట పేరు దగ్గరే తికమక ఉంది. బోటో జీపో తాడు కట్టి లాగితే పైకి లేచేది పారాసెయిలింగ్. వీపుకు ఇంజిన్, ఫ్యాను కట్టుకుని ఎగిరేది పారామోటార్. పారాగ్లైడింగ్‌లో లాగే తాడూ ఉండదు, ఇంజినూ ఉండదు. గుట్ట అంచున గ్లైడర్‌ను, అంటే తాళ్లతో మనిషికి తగిలించిన బట్ట రెక్కను, పరిచి, గాలి నింపి, నాలుగడుగులు పరుగెత్తి లేవడమే. ట్యాండెమ్ అంటే ఒకే గ్లైడర్ కింద ఇద్దరు: ముందు మీరు, మీ వీపు వెనక పైలట్. ఫ్లెక్సీ మీద పారాగ్లైడింగ్ అని రాసి కింద బోటు ఫొటో వేసిన చోట అసలు దేనికి డబ్బు కడుతున్నారో అడిగి తెలుసుకోండి. ఒక్కోదానికి అడగాల్సిన ప్రశ్నలు వేరు.

ఇక ఆ 9 గంటల సంగతి. రాత్రంతా నేల సముద్రం కన్నా ఎక్కువ చల్లబడుతుంది. అందుకే పడమటి తీరంలో చలికాలం పొద్దుటి పూట గాలి నేల వైపు నుంచి సముద్రం మీదికి వీస్తుంది. వర్కల గుట్ట అంచు, ఉత్తర గోవాలోని కేరి గుట్ట రెండూ సముద్రం వైపు, అంటే పడమటికి తిరిగి ఉంటాయి. అక్కడ పొద్దున్నే నిలబడితే గాలి వీపుకు తగులుతుంది. గ్లైడర్ లేవాలంటే గాలి ముఖానికి తగలాలి. ఎండెక్కి నేల వేడెక్కాక, ఇంచుమించు మధ్యాహ్నం నుంచి, గాలి తిరుగుతుంది. సముద్రం మీది నుంచి వచ్చి గుట్టకు కొట్టుకుని, వేరే దారి లేక పైకి మళ్లుతుంది. ఆ పైకి మళ్లే గాలి పొర మీదే గ్లైడర్ అంచు వెంబడి అటూ ఇటూ తిరుగుతుంది. మధ్యాహ్నం రెండు నుంచి పొద్దుగూకే లోపు అసలైన సమయం. కాబట్టి 9 గంటల టికెట్ ఇచ్చినవారికి గాలి సంగతి తెలియకపోయి ఉండాలి, లేదా మిమ్మల్ని ఎండలో ఐదు గంటలు కూర్చోబెట్టే ఉద్దేశమైనా ఉండాలి.

ఇంకో మాట కూడా చెప్పాలి. మొదటిసారి ఎగిరేవారికి మధ్యాహ్నపు కొండల కన్నా సాయంత్రపు సముద్ర తీరమే సుఖం. మే నెలలో మన చెలకల్లో సుడిగాలి లేచి చెత్తాచెదారాన్ని పైకి లాక్కుపోవడం చూస్తూనే ఉంటాం. ఎండ వేళ కొండల దగ్గర అలాంటి వేడి గాలి స్తంభాలు కంటికి కనిపించకుండా లేస్తాయి, గ్లైడర్‌ను కుదుపుతాయి. సముద్రం మీద వేడి అంతటా ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి అటు నుంచి వచ్చే గాలి సాఫీగా వస్తుంది. నవంబర్ నుంచి మార్చి దాకా మంచి కాలం. నైరుతి రుతుపవనాలు మొదలయ్యాక ఆ తీరంలో ఎవరైనా ఎగరేస్తామంటే వెనక్కి తిరిగి వచ్చేయడమే. హిమాచల్‌లోనైతే జూలై 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఏకంగా నిషేధమే ఉంటుంది.

గాలి ఎంత ఉండాలి? ట్యాండెమ్ గ్లైడర్ మామూలుగా గంటకు 36 నుంచి 40 కిలోమీటర్ల వేగంతో ముందుకు పోతుంది. ఎదురుగాలి 30 ఉంటే ఇక మిగిలేది పది లోపే. గుట్ట అంచు దగ్గర గాలి ఇంకాస్త బిగుస్తుంది. అక్కడ గ్లైడర్ ముందుకు కదలక నిలబడిపోతుంది, లేదా వెనక్కి, గుట్ట మీది కొట్లు, కొబ్బరి చెట్లు, లైటు స్తంభాల వైపు జరుగుతుంది. మరోవైపు గాలి 12 కన్నా తగ్గితే పైకి మోసే పొర ఉండదు. నిమిషం తిరక్కుండానే బీచ్ మీద దిగిపోతారు. మీటరు లేకపోయినా సముద్రాన్ని చూస్తే అంచనా దొరుకుతుంది. అలల తలల మీద అక్కడొకటి ఇక్కడొకటి తెల్ల నురగ కనిపిస్తే గాలి 12 నుంచి 19 మధ్య ఉన్నట్టు. నురగ తలలు తరచుగా కనిపిస్తే 20 నుంచి 28. ఎటు చూసినా నురగ తలలే కనిపించి, అక్కడక్కడ తుంపర లేస్తుంటే గాలి 30 దరిదాపుల్లోనో, దాటో ఉన్నట్టే, ఆ రోజుకు టీ తాగి గదికి వెళ్లడం మేలు. వేగం కన్నా చెడ్డది కుదురు లేకపోవడం. గాలి దిక్కు చూపే బట్ట గొట్టం, అదే విండ్ సాక్, ఒక క్షణం బిర్రుగా నిలిచి మరుక్షణం వేలాడిపోతుంటే ఆగాలి.

గుట్ట వెనక వైపు గాలి ఎలా ఉంటుందో సంక్రాంతికి బంగ్లా మీద పతంగి ఎగరేసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పక్కింటి నీళ్ల ట్యాంకు వెనక్కి పోగానే పతంగి గిరగిరా తిరిగి కూలుతుంది. గాలి అడ్డాన్ని దాటి కిందికి మడత పడే చోటు అది. గుట్ట అంచుకు వెనకాల కూడా అదే సుడి ఉంటుంది. అందుకే మంచి పైలట్ ప్రతి మలుపూ సముద్రం వైపే తిప్పుతాడు, గుట్ట వైపు ఎన్నడూ తిప్పడు. మీ ముందు ఎగిరే ఇద్దరు ముగ్గురిని చూస్తే ఈ సంగతి కళ్లకు కడుతుంది. 2023 మార్చిలో వర్కలలో ఒక ట్యాండెమ్ గ్లైడర్ బీచ్ దగ్గరి హైమాస్ట్ లైటు స్తంభానికి చిక్కుకుని ఇద్దరూ పైనే చాలాసేపు వేలాడారు. ప్రాణాలతో బయటపడ్డారు. 2025 జనవరిలో కేరి దగ్గర పర్యాటకురాలు, పైలట్ ఇద్దరూ చనిపోయారు.

'బీచ్ దగ్గర ఎత్తు తక్కువే కదా, భయమేముంది' అని ఏజెంట్లు అంటుంటారు. ఇది తలకిందుల లెక్క. రెండు వేల మీటర్ల పైన గ్లైడర్ ఒక పక్క మడత పడితే సరిచేసుకోవడానికి సమయం ఉంటుంది. లేదంటే రిజర్వ్ ప్యారాచూట్ విసరొచ్చు. ఆ ప్యారాచూట్ సంచిలోంచి వచ్చి, తెరుచుకుని, పడే వేగాన్ని తగ్గించేసరికి పదుల మీటర్ల ఎత్తు ఖర్చవుతుంది. అంచు నుంచి 30 మీటర్ల ఎత్తులో ఉన్నవారికి ఆ ఎత్తు ఎక్కడుంది? గాలి ఒక్కసారిగా ఆగిపోతే అంత ఎత్తు నుంచి నేలకు చేరడానికి పట్టేది పాతిక సెకన్లే. నీళ్లలో పడితే అది వేరే గొడవ. ఒంటికి కట్టుకునే హార్నెస్ వీపు భాగంలోని స్పాంజి తేలి మనిషిని ముందుకు బోర్లా తోస్తుంది, తాళ్లు కాళ్లకు చుట్టుకుంటాయి, అల వచ్చి గ్లైడర్ గదుల్లో నీళ్లు నింపి లాగుతుంది. తీరంలో ఎగిరేవారికి లైఫ్ జాకెట్, పైలట్ దగ్గర తాళ్లు కోసే కత్తి ఉన్నాయా అని అడగడం అతి జాగ్రత్త కాదు.

ఇక పట్టీల సంగతి. ఈ ఉత్తరంలో ఒక్కటే గుర్తు పెట్టుకుంటామంటే ఇదే పెట్టుకోండి. హార్నెస్ అంటే భుజాలకు తగిలించుకునే కుర్చీ. దానికి ప్రధానమైన కట్లు మూడు: చెరో తొడకు ఒకటి, ఛాతీకి ఒకటి. ఛాతీ పట్టీ కళ్లెదుటే ఉంటుంది కాబట్టి దాన్ని ఎవరూ మరవరు. తొడ పట్టీలు సీటు కింద నుంచి వచ్చి చొక్కా అంచు కింద దాక్కుంటాయి. మరిచేది వాటినే. నేల మీద నిలబడ్డప్పుడు తేడా తెలియదు, హార్నెస్ ఒంటికి గట్టిగానే ఉన్నట్టు ఉంటుంది. కాళ్లు నేలను వదలగానే బరువంతా తొడల కింది పట్టీల మీద పడాలి. అవి లేకపోతే మనిషి సంచిలోంచి గింజ జారినట్టు కిందికి జారి చంకల మీద వేలాడతాడు. వెనకున్న పైలట్ రెండు చేతుల్లోనూ బ్రేకులు, అంటే గ్లైడర్‌ను తిప్పే తాళ్ల పిడులు, ఉంటాయి, అవి వదిలి మిమ్మల్ని పైకి లాగలేడు. 2024 ఫిబ్రవరిలో కుల్లూ జిల్లా డోభీలో మన తెలంగాణ యువతి చనిపోయినప్పుడు, పట్టీ సరిచూడలేదన్న మాటే దర్యాప్తు వార్తల్లో వచ్చింది.

చేయాల్సింది ఇంతే. ముందు తొడ పట్టీలు, ఆ తర్వాతే ఛాతీ పట్టీ. విప్పేటప్పుడు తొడ పట్టీలు ఆఖర్న. బకిల్ టిక్కుమనగానే ఊరుకోకుండా రెండు వైపులా గట్టిగా లాగి చూడండి, ఇసుక ఇరికితే చప్పుడు వచ్చినా పూర్తిగా పట్టదు. పట్టీకీ తొడకూ మధ్య అరచెయ్యి దూరాలి, పిడికిలి దూరకూడదు. భుజాల దగ్గర చెరో వైపు ఉండే కారబైనర్ కొక్కేల తలుపులు మూసుకుని, లాక్ పడి ఉండాలి. హెల్మెట్ గడ్డం పట్టీ ఒక వేలు దూరేంత బిగువుగా ఉంటే చాలు. పొరపాటు జరిగేది మొదటిసారి కట్టినప్పుడు కాదు, మధ్యలో అంతరాయం వచ్చినప్పుడు. గాలి కోసం ఆగి, ఒకసారి విప్పి బాత్రూమ్‌కు వెళ్లి వస్తారు. ఫోన్ తీయడానికి పట్టీ వదులు చేస్తారు. వచ్చాక హడావిడిలో ఛాతీ పట్టీ ఒక్కటే వేస్తారు. ఒక్క బకిల్ విప్పినా సరే, మళ్లీ మొదటి నుంచి అన్నీ చూడాలి. 'నా తొడ పట్టీలు ఒకసారి చూడండన్నా' అని పైలట్‌ను గట్టిగా అడగండి. విసుక్కునే పైలట్‌తో ఎగరకండి.

పరుగు కూడా నేర్చుకోవాల్సిన పనే. గాలి తక్కువగా ఉన్నప్పుడు గ్లైడర్ లేస్తూ మిమ్మల్ని వెనక్కి లాగుతుంది. చెరుకు బండి లాగే ఎద్దులా ఛాతీ ముందుకు వంచి నడక ఆపకుండా లాగాలి. తీరంలో గాలి బాగుంటే పైలట్ గ్లైడర్ వైపు తిరిగి దాన్ని లేపుతాడు, మీరు సముద్రం వైపే చూస్తూ ఉంటారు. రెండడుగులు వెనక్కి పోయినా కంగారు పడక్కర్లేదు. ఎక్కువ మంది చేసే తప్పులు రెండు. పాదాలు తేలిక కాగానే కూర్చోవడం ఒకటి: బరువు ఒక్కసారిగా దిగి ఇద్దరూ పిర్రల మీద పడతారు. గెంతడం రెండోది: గెంతినప్పుడు తాళ్లు వదులై గ్లైడర్ కాస్త మందగిస్తుంది, మరుక్షణం మళ్లీ నేలకు తగులుతారు. కూర్చోమని పైలట్ చెప్పేదాకా గాల్లో కూడా కాళ్లు ఆడిస్తూనే ఉండండి. చేతులు మీ భుజం పట్టీల మీదే ఉండాలి. పైకి వెళ్లే తాళ్లనూ బ్రేకులనూ పట్టుకోవద్దు. దిగేటప్పుడు నిలబడాలా, కాళ్లు పైకెత్తాలా అన్నది పైలట్‌ను బట్టి, ఇసుకను బట్టి ఉంటుంది. లేవకముందే అడగండి.

బరువు దాచకండి. ట్యాండెమ్ గ్లైడర్ 40 చదరపు మీటర్ల అటూ ఇటూ ఉంటుంది, చాలా వాటికి మొత్తం బరువు పరిమితి 200 కిలోలు కాస్త దాటుతుంది. అందులో పైలట్ ఒక 75, సామాను 20 పోతే మీకు మిగిలేది ఎంతో లెక్క వేసుకోండి. బరువున్నవారు గాలి తక్కువ రోజున లేవలేరు. పాతిక కిలోల పిల్లలు గాలి ఎక్కువ రోజున దిగలేరు.

గ్లైడర్ బట్ట ఎండకూ ఉప్పుకూ ఇసుకకూ అరిగిపోయే నైలాన్. రంగు వెలిసి, చేత్తో పట్టుకుంటే పాత గుడ్డలా మెత్తబడినదాన్ని నమ్మొద్దు. రిజర్వ్ ప్యారాచూట్‌ను చాలా కంపెనీలు ఏడాదికోసారైనా విప్పి మళ్లీ మడవాలంటాయి, ఆ తేదీ రాసిన కార్డు చూపించమనండి. పైలట్‌కు ట్యాండెమ్ అర్హత విడిగా ఉండాలి, ఒంటరిగా ఎగరడం వచ్చినంత మాత్రాన సరిపోదు. 'అప్పి' (పారాగ్లైడింగ్ పైలట్లు, శిక్షకుల అంతర్జాతీయ సంఘం) లాంటి సంస్థలు ఇచ్చే రేటింగ్ కార్డులో ఆ మాట ఉంటుంది. సంతకం పెట్టమనే కాగితం ఇంగ్లిష్‌లో ఉన్నా చదివించుకోండి. మామూలు ప్రమాద బీమాలు చాలావరకు సాహస క్రీడలకు వర్తించవు.

బట్టల గురించి ఒక్క ముక్క: ప్యాంటు, మడమ కదలని బూట్లు, ముడేసిన జుట్టు. చీర, చున్నీ, చెప్పులు వద్దు. రెండు గంటల ముందు ఇడ్లీ తినొచ్చు, బిర్యానీ తింటే కింద ఉన్నవాళ్లకే కష్టం.

మీ పర్యాటక పేజీలో ఇలాంటి ప్యాకేజీ గురించి రాసినప్పుడు రేటు పక్కన గాలి దిక్కు, ఎగిరే వేళ, బరువు పరిమితి కూడా వేయగలరు. నాలుగు లైన్లకు మించదు. ప్యాకేజీ కొనేవారు 'గాలి చాలకపోయినా, ఎక్కువైనా పారాగ్లైడింగ్ డబ్బు వాపసు' అని రసీదు మీద రాయించుకోవాలి. రాయనంటే ఆ ఒక్క లైను కొట్టేయించి, మిగతా టూరుకే డబ్బు కట్టండి. వర్కలకు వెళ్లాక, మధ్యాహ్నం మూడింటికి అంచు మీద నిలబడి, గాలి ముఖానికి తగులుతుంటే అప్పుడు అక్కడే బేరం చేసుకోవచ్చు.

– పారాగ్లైడింగ్ తెలిసిన పాఠకులు కొందరు,
హనుమకొండ