మంత్రి గారూ, చూడని ఛానళ్లకు డబ్బు కట్టమని మేం ఎవరిని అడగాలి?

కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి గారికి గుంటూరు జిల్లా నుంచి ఒక కేబుల్ ఆపరేటర్ నమస్కరించి రాస్తున్న బహిరంగ లేఖ.

అయ్యా,

ఒకవైపు పైరసీ, ఇంకోవైపు చూడని ఛానళ్లను కూడా కలిపి కొనిపించే ప్యాక్‌లు, ఈ రెండింటి వల్ల మా కనెక్షన్లు పోతున్నాయి. ఈ కష్టాలు చెప్పుకుంటూ అధికారులకు ఇచ్చిన అర్జీలకు ఇంతవరకు జవాబు లేదు. అందుకే నలుగురూ చదివేలా రాయాల్సి వచ్చింది.

పైరసీ మీద ప్రభుత్వం ఏమీ చేయలేదని నేను అనను. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలుశిక్ష పెట్టారు. ఆ ఏడాది నవంబరులో ఫిర్యాదులు తీసుకునే నోడల్ అధికారులను నియమించి, ఫిర్యాదు అందిన 48 గంటల్లో లింకులు తీయిస్తామన్నారు. 2025 నవంబరులో పైరసీ సైటు ఐబొమ్మ కేసులో దాని నిర్వాహకుణ్ణి హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు అరెస్టు చేసినప్పుడు మేమంతా సంతోషించాం. కానీ ఈ రోజుకీ సినిమా ఓటీటీలో వచ్చిన పూటే దాని కాపీ టెలిగ్రామ్‌లో తిరుగుతోంది. ఒక సైటు మూస్తే అదే సరుకుతో ఇంకో పేరు లేస్తోంది.

సినిమా హక్కుదారులకైనా ఫిర్యాదుకు ఒక చోటు ఉంది. ఛానళ్లకు ఛానళ్లే దొంగిలించి ఒక యాప్‌లో పెట్టి అమ్ముతున్న వాళ్ల మీద నాలాంటి వాడు ఎక్కడికి వెళ్లాలి? మా మీద మాత్రం అన్ని రూల్సూ ఉన్నాయి. దొంగ కాపీ ఏ బాక్సు నుంచి వచ్చిందో తెలిసేలా బాక్సు నంబరు తెర మీద ఫింగర్‌ప్రింట్‌గా కనిపించాలి, సబ్‌స్క్రైబర్ల లెక్కలకు ఏటా ఆడిట్ జరగాలి, జీఎస్టీ 18 శాతం కట్టాలి. ఆ యాప్‌కి ఇవేవీ లేవు.

ఇంతకంటే పెద్ద బాధ ఇంకోటి ఉంది. వసూలుకి వెళ్తే ఇంటి గుమ్మంలోనే ఒక పెద్దావిడ, "కనెక్షన్ తీసెయ్ బాబూ, సినిమాలు మావాడి ఫోన్లో వస్తున్నాయి, మ్యాచ్ కూడా ఫోన్లోనే. నేను చూసే రెండు సీరియళ్లకు ఇంత కట్టాలా?" అంటారు. ఆ పెద్దావిడ అడిగే దాంట్లో తప్పేముంది? 2019లో ఛానళ్ల రేట్లకు కొత్త టారిఫ్ తెచ్చినప్పుడు చూసే ఛానల్‌కే డబ్బు అని ఊరూరా చెప్పించారు. మేం కూడా ఇంటింటికీ తిరిగి అదే చెప్పాం. ఇప్పుడు జరుగుతున్నదేమిటి? బొకేలో, అంటే కొన్ని ఛానళ్లు కలిపి అమ్మే ప్యాక్‌లో, పెట్టే ఛానల్‌కి విడిగా 19 రూపాయల దాకా రేటు పెట్టుకోవచ్చు. పేరున్న ఛానళ్లు చాలావరకు ఆ గీత దగ్గరే నిలబడ్డాయి. బొకే తీసుకుంటే మాత్రం 45 శాతం దాకా తగ్గింపు. విడిగా కొంటే నష్టపోయేలా రేట్లు ఉంటే ఎవరు విడిగా కొంటారు? పిల్లలు లేని ఇంటికి కార్టూన్ ఛానల్, క్రికెట్ చూడని ఇంటికి స్పోర్ట్స్ ఛానల్ ఇచ్చి డబ్బు అడుగుతున్నాం. బొకే రేటు పెంచేది ఛానల్ కంపెనీ, గుమ్మంలో మాట పడేది మేము. ప్రామాణిక ఒప్పందం ప్రకారం 19 రూపాయల ఛానల్ మీద పంపిణీ చేసే వాళ్ల వాటా 3 రూపాయల 80 పైసలు. అందులో నాలాంటి ఆపరేటర్‌కి దక్కేది 45 శాతం, అంటే రూపాయి 71 పైసలు. ఇందుకోసమే గాలివానకి తెగిన వైరు పట్టుకుని స్తంభాలు ఎక్కుతున్నాం.

2023 ఐపీఎల్ మీకు గుర్తుండే ఉంటుంది. టీవీలో చూడాలంటే పే ఛానల్, ఫోన్లో జియోసినిమాలో ఉచితం. అవే మ్యాచ్‌లు, అవే బంతులు. ఆ సీజన్ తర్వాత డబ్బు కట్టి చూడమని జనానికి ఏ మొహంతో చెప్పగలం? మాకు రేటు గీసే నియంత్రణ సంస్థ ట్రాయ్ టారిఫ్ ఓటీటీకి వర్తించదు. ఫోన్ రీచార్జ్‌తో పాటే ఓటీటీలు వస్తున్నాయి. దేశంలో 2020 నాటికి ఏడు కోట్ల దగ్గర ఉన్న డీటీహెచ్ చందాదారులు 2025 మార్చికి ఐదు కోట్ల డెబ్బై లక్షల లోపుకి వచ్చారంటే, కేబుల్ వైరుకైనా డిష్ గొడుగుకైనా ఒకటే గతి పడుతోంది.

పైరసీ చూసే వాళ్లందరూ దొంగలని నేను అనుకోను. వాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి నెల తప్పకుండా మాకు డబ్బు కట్టిన మనుషులే. కావలసింది కావలసిన రేటుకి దొరికి ఉంటే ఇంకా కట్టేవాళ్లు. సైట్లు మూయిస్తూ, ఈ బొకేల జోలికి పోకుండా ఉంటే వాళ్లు తిరిగి రారు. దయచేసి ఈ ఒక్క మాట పట్టించుకోండి.

రేట్ల సంగతి ట్రాయ్ చూస్తుందని జవాబు వస్తుందని తెలుసు. కానీ ఛానళ్లకు అనుమతి ఇచ్చేది మీ శాఖ. ఇదివరకు పోస్టాఫీసులో జరిగే మా రిజిస్ట్రేషన్ కూడా 2025 జనవరి నుంచి మీ శాఖ చేతికే వచ్చింది. మా పేర్లు, ఊళ్లు మీ దగ్గరే ఉన్నాయి. మమ్మల్ని అడగండి. బొకే తగ్గింపు తగ్గించి, విడి ఛానల్ రేటుని సామాన్యుడికి అందేలా చేయండి. టీవీలో డబ్బులకి అమ్మేదాన్ని అదే రోజు ఫోన్లో ఉచితంగా ఇవ్వకుండా చూడండి. ఛానళ్లను దొంగిలించే యాప్‌ల మీద మేం కూడా ఫిర్యాదు చేసేలా దారి చూపండి. బొకేల సంగతి మళ్లీ మళ్లీ అడుగుతున్నందుకు మన్నించండి, మా బతుకు దాని మీదే ఉంది.

టారిఫ్ మళ్లీ మార్చే ముందు మా జిల్లాలో, తెలుగులో, ఒక్క సమావేశం పెట్టించండి. వసూలు పుస్తకాలు పట్టుకుని వస్తాం. ఎవరు ఎందుకు కనెక్షన్ తీసేయించుకున్నారో ఇంటి ఇంటి లెక్కా చూపిస్తాం.

ఇట్లు,
మీ విధేయుడు,
గుంటూరు జిల్లాలో ఒక కేబుల్ ఆపరేటర్