నృత్యం తయారయ్యే కాలానికీ గ్రాంటు ఇవ్వండి: సాంస్కృతిక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సాంస్కృతిక శాఖ మంత్రివర్యులకు,

నమస్కారాలు. నృత్య రూపకల్పనలో ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటున్న కళాకారిణిగా ఈ లేఖ రాస్తున్నాను. ఇంతవరకు నేను నింపిన గ్రాంటు దరఖాస్తులన్నీ అడిగినవి ఇవే: ఇతివృత్తం, సన్నివేశాల వరుస, సంగీతం, దుస్తులు, నిడివి, ప్రదర్శన తేదీ. ఇవన్నీ నా పనిలో చివరికి తేలే సంగతులు. వాటిని మొదటే రాసిచ్చి, సంతకం చేసి, ఆపైన అక్షరం పొల్లుపోకుండా పాటించాలంటే, రిహార్సల్ హాలులో అడుగు పెట్టకముందే నృత్యం కాగితం మీద పూర్తయిపోయి ఉండాలి.

నేను పనిచేసే తీరు కొంచెం వివరంగా చెబితే తప్ప నా విన్నపం అర్థం కాదు. నేను కథతో మొదలుపెట్టను, పాటతోనూ మొదలుపెట్టను. ఒక చిన్న నియమంతో మొదలుపెడతాను. ఇప్పుడు చేస్తున్న నృత్యానికి పెట్టుకున్న నియమం, నేల మీద కూర్చున్న మనిషి చేతులు ఆనించకుండా లేవాలన్నది. చేతి సాయం తీసేయగానే బరువంతా తుంటి మీదికి, అక్కడి నుంచి పాదం అంచుకు జరుగుతుంది. తల ముందుకు వాలుతుంది. పైకి లేవబోయే ముందు ఊపిరి బిగుస్తుంది. ఆ బిగింపును సాగదీస్తే మనిషి దేనికోసమో కాచుకుని ఉన్నట్టు కనిపిస్తుంది, తుంచేస్తే ఎవరో పిలిచినట్టు ఉలిక్కిపడి లేచినట్టు కనిపిస్తుంది. నాకు ఇతివృత్తం దొరికేది అక్కడే. నర్తకులు నలుగురూ నాలుగు తీరుల లేస్తారు, ఎందుకంటే వారి ఎత్తు వేరు, కీళ్ల వంపు వేరు, నేర్చుకున్న సంప్రదాయం వేరు; ఆ తేడాలను చెరిపేసి అందరినీ ఒక్క తీరుకు తేవడం నాకిష్టం లేదు. చేసినదంతా వీడియో తీసి చూసుకుంటాం, అందులో చాలా భాగం వదిలేస్తాం. సంగీతం ఆఖరున వస్తుంది. అప్పటిదాకా పాదాల చప్పుడు, ఊపిరి చాలు. లయ అక్కర్లేదని కాదు, వాద్యం ముందే మోగితే దేహం తన లెక్క మానేసి దాని లెక్కకు నడుస్తుందని.

ఇది నా ఒక్కదాని చాదస్తం కాదు. 1973లో జర్మనీలోని వుప్పర్టాల్ నృత్య బృందం పగ్గాలు చేపట్టిన పీనా బౌష్, తర్వాతి కాలంలో నర్తకులకు అడుగులు చెప్పే బదులు ప్రశ్నలు వేసి, వారు మాటల్లోనూ కదలికల్లోనూ ఇచ్చిన జవాబుల నుంచి కొంత భాగాన్ని ఏరి నృత్యాలు కూర్చారు. అమెరికాకు చెందిన నృత్య దర్శకుడు మెర్స్ కన్నింగ్‌హామ్ 1950ల నుంచి నాణేలు ఎగరేసి కదలికల వరుసను తేల్చేవారు; స్వరకర్త జాన్ కేజ్‌తో చేసిన పనుల్లో నృత్యం, సంగీతం విడివిడిగా తయారై తరచూ వేదిక మీదే తొలిసారి కలిసేవి. నాణెం ఎటు పడుతుందో ముందే రాసిమ్మంటే ఆయన ఏం రాసేవారో! మన దేశపు నృత్య దర్శకురాలు చంద్రలేఖ 1985 నాటి ‘అంగిక’లో భరతనాట్యాన్ని, కేరళ యుద్ధకళ కలరిపయట్టును, యోగాను ఒక్కచోటికి తెచ్చారు. శాస్త్రీయం, జానపదం, ఆధునికం అనే మూడు గళ్లలో ఏదో ఒక్కదానికే టిక్కు పెట్టాలనే పత్రం ఆవిడను ఏ గడిలో కూర్చోబెట్టేది?

సంప్రదాయ నృత్యానికి ఇంత వెతుకులాట ఎందుకన్న మాట కూడా వింటుంటాను. నాట్యశాస్త్రంలోని 108 కరణాలు, అంటే చేతులూ కాళ్లూ కలిసి సాగే నృత్య కదలికలు, శ్లోకాల్లో ఉన్నాయి. వాటిని కదిలే దేహంలోకి తేవడానికి భరతనాట్య కళాకారిణి పద్మా సుబ్రహ్మణ్యం ఏళ్ల తరబడి పరిశోధించవలసి వచ్చింది. వెతకక తప్పదన్న విషయంలో రెండు దారులకూ తేడా లేదు.

అందువల్ల గ్రాంటులో కొంత భాగాన్ని ప్రదర్శనతో ముడిపెట్టకుండా రూపకల్పన కాలానికే కేటాయించాలని కోరుతున్నాను. ఆ డబ్బు అన్నిటికంటే ముందు నర్తకులకు చేరాలి. ప్రదర్శన రోజున పారితోషికం ఇచ్చి, అంతకుముందు నెలల తరబడి పడ్డ శ్రమను ఉచితంగా లెక్కగట్టడం న్యాయం కాదు. పైగా కదలికలు వారి దేహాల నుంచే పుట్టినప్పుడు, నృత్య దర్శకురాలి పేరుకు మాత్రమే చోటున్న పత్రం అబద్ధమాడుతున్నట్టే. తర్వాత, హాలు. గట్టి గచ్చు మీద పదే పదే గెంతితే ఆ దెబ్బంతా పిక్కలకు, మోకాళ్లకు తగులుతుంది. కింద కాస్త ఖాళీ వదిలి, అడుగుకు తగ్గట్టు ఒదిగే చెక్క నేల వేయించిన హాళ్లు ప్రభుత్వ ఆవరణల్లో ఉంటే, ప్రదర్శనలు లేని వేళల్లో మాలాంటివారికి తెరిచి ఉంచవచ్చు.

ప్రజాధనానికి లెక్క ఉండాలి కదా అంటారు. ఉండాల్సిందే. మొదట్లో సారాంశం అడిగే బదులు మా ప్రశ్న ఏమిటో, నియమం ఏమిటో, ఎవరితో ఎంతకాలం పనిచేస్తామో అడగండి. నడిమధ్యలో ఒకసారి కమిటీ సభ్యులు రిహార్సల్‌కు వచ్చి చూడనివ్వండి. చివర్లో ఏది ఉంచామో, ఏది వదిలామో, ఎందుకో రాసిమ్మనండి. వేదిక మీద దీపాలు వెలిగిన ఫొటోలను ఫైల్లో పెట్టడం కంటే ఇది కఠినమైన తనిఖీ. అన్నీ కుదిరాక కూడా ఒక నృత్యం వేదిక ఎక్కే స్థాయికి రాకపోవచ్చు. అప్పుడు డబ్బు వెనక్కి కట్టమనే షరతు ఉంటే, ఎవరైనా ఇదివరకు చప్పట్లు కొట్టించుకున్న దాన్నే మళ్లీ చేస్తారు.

దరఖాస్తు పత్రాన్ని ఈసారి సవరించేటప్పుడు నర్తకులను, యువ నృత్య దర్శకులను కూడా ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టమని మనవి. ఈలోగా తమ అధికారులు రాదలుచుకుంటే, పేరు కూడా పెట్టని ఈ నృత్యాన్ని ఉన్నది ఉన్నట్టుగా చూపడానికి మా బృందం సిద్ధంగా ఉంది.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక వర్ధమాన నృత్య దర్శకురాలు