ఆసు పోసేది భుజంతో

గట్టుప్పల్,
ఆదివారం రాత్రి

బిడ్డా,

నువ్వు పంపిన కొత్త కార్టూన్ చూశాం. మీ నాయన రెండుసార్లు, నేను ఐదుసార్లు. పక్కింటి పిల్లలు ఫోన్ గుంజుకుపోయి ఇంకెన్నిసార్లు చూశారో లెక్క లేదు. పుంజు రాట్నం మీదికి ఎక్కి కండెలన్నీ కింద పడేసే కాడ పడీపడీ నవ్వారు. ఆ నడక అచ్చం మన ఎర్రపుంజుదే. కాలు ఎత్తి, ఎక్కడ పెట్టాలా అని కాసేపు ఆలోచించి, అప్పుడు పెడుతుంది. ఎప్పుడు చూసి పెట్టుకున్నావో గానీ!

కానీ ఒక తప్పుంది. ఫోన్‌లో చెబితే "సరేలే అమ్మా" అని పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నా.

అవ్వ చీర నూలును మేకుల చుట్టూ తిప్పుతూ ఆసు పోసేటప్పుడు నువ్వు ముంజేయి ఒక్కటే ఆడించావు. భుజం గోడకు కొట్టినట్టు అట్లనే ఉంది. ఆసు పోసేది భుజంతో బిడ్డా. ఈ చివర ఒంటి మేకు, ఆ చివర అర్ధచంద్రం లాగా మేకుల వరుస. దారం పట్టుకొని అక్కడిదాకా పోవాలి, మేకు చుట్టూ తిప్పాలి, మళ్లీ ఒంటి మేకు కాడికి రావాలి. చెయ్యి మొత్తం చాస్తేనే అందుతుంది. భుజం లేస్తుంది, నడుము దాని వెంట కొంచెం వాలుతుంది. పొద్దుగూకే సరికి చెయ్యి కదిలే కంటే ముందు తల కదులుతుంది. మీ నానమ్మ అట్లనే పోసేది, మెడ ఊపుకుంటూ. దూరం నుంచి చూస్తే ఎవరితోనో ముచ్చట పెడుతున్నట్టు ఉండేది.

ఒక్క చీరకు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ తిరగాలి. నీ లెక్క కూడా నాకు గుర్తుంది. సెకనుకు 24 ఫ్రేములు, ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములకు వాడుకుంటే 12 బొమ్మలు. మూడు నిమిషాలకు 2,160. అంటే నా లెక్కలో పావు చీర. నవ్వకు. నా చెయ్యి ఎప్పుడూ ఒకే దారిన పోయేది, నువ్వు ప్రతి బొమ్మకూ ఆలోచించాలి, ఆ మాట ఒప్పుకుంటా. మణికట్టు గుంజుతుందని నాయనతో అన్నావట, నాతో ఎందుకు చెప్పలేదు? ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం తయారు చేశారు. 2017లో పద్మశ్రీ కూడా వచ్చింది. మనింటికి ఆ యంత్రం వచ్చేసరికే నా కుడి భుజం పోయింది. నువ్వు గంటకోసారి లేచి చెయ్యి విదిలించు.

ఈ బొమ్మలు కదిలించే పిచ్చి కాలేజీలో పట్టుకుందని అందరికీ చెబుతావు. కాదు. నీకు ఆరేళ్లప్పుడు నాయన చిలుకల చీర మగ్గం మీంచి దించి జర్రున గుంజుతూ మడత పెడుతుంటే "అమ్మా, చిలుక రెక్కలు కొట్టుకుంటున్నది" అని కేక పెట్టావు. అక్కడక్కడ బిగించి చిటికి కట్టి రంగులో ముంచిన నూలు కదా, బొమ్మ అంచు కొంచెం చెదురుతుంది. ఏ రెండు చిలుకలూ ఒక్కతీరు ఉండవు. చెదరకుండా చూడాలని మేం తిప్పలు పడతాం, నువ్వేమో గీత వణకాలని కావాలనే వదిలేస్తావు. నీ కార్టూన్‌లో గోడ కూడా ఊపిరి పీలుస్తున్నట్టు ఉంటుంది. మొదట్లో ఫోన్ పాడైందేమో అనుకున్నా.

వ్యూస్ రావట్లేదని మళ్లీ ఆ స్టూడియోకే పోతానంటున్నావట. రెండు నెలల జీతం ఎగ్గొట్టినోళ్ల దగ్గరికా? యూట్యూబ్ యాడ్ల డబ్బులు ఇవ్వాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటలు చూడాలన్నావు. నాయన కాగితం మీద లెక్క వేశాడు. మూడు నిమిషాల కార్టూన్ 80,000 సార్లు చూడాలట. మన మండలంలో అంత జనమే లేరు.

ఉద్యోగం చేస్తే చెయ్యి, వేరే ఎక్కడైనా. నాయన మాత్రం? పగలంతా సావుకారు ఇచ్చిన నూలే కూలికి నేశాడు. ఎప్పుడన్నా నాలుగు పైసలు మిగిలితే సొంతంగా ఒక పడుగు పెట్టుకొని, గ్రాఫ్ కాగితం మీద తనకు తోచిన బొమ్మ గీసుకొని, రాత్రిపూట నేసేవాడు. ఆ చీరలు తొందరగా అమ్ముడుపోయేవి కాదు, నేను తిట్టేదాన్ని. ఆ చిలుకల చీర వాటిలోదే. ఒకటి ఇంకా బీరువాలో ఉంది.

2025 మార్చిలో పొద్దున్నే ఫోన్ చేసి, ఊరికే దొరికే బ్లెండర్ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌తో చేసిన లాత్వియా పిల్లి సినిమాకు ఆస్కార్ వచ్చిందని అరిచావు. ఆ దేశం ఎక్కడుందో నాకేం తెలుసు. నీ గొంతు మాత్రం యాదికుంది. మొన్న ఫోన్‌లో ఆ గొంతు లేదు.

దసరా దాకా ఆగకు, వచ్చే ఆదివారం రా. అటక మీది పాత ఆసు దించి తుడుస్తానన్నాడు నాయన. నేను కూర్చుంటా, నువ్వు ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి వీడియో తీసుకో. ఇరవై చుట్ల కంటే ఎక్కువ నావల్ల కాదు. చూసుకొని ఆ ముక్క మళ్లీ గీయి.

చౌటుప్పల్‌లో బస్సు దొరక్కపోతే ఫోన్ చెయ్యి, నాయన బండి మీద వస్తాడు. పుంజు బాగుంది. నిన్న కూడా రాట్నం ఎక్కింది.

మీ అమ్మ