లావు పంపు కొని మోసపోకండి

సంపాదకులకు నమస్కారం.

రోడ్ బైక్, అంటే సన్న టైర్ల సైకిల్ మీద దూరాలు వెళ్లేవాళ్లు వెంట ఏమేం పెట్టుకోవాలో చెబుతూ మీరు వేసిన వ్యాసం చదివాను. అంతా బాగానే ఉంది కానీ, పంపు దగ్గరికొచ్చేసరికి జేబులో పట్టే చిన్నది చాలని ఒక్క ముక్కలో తేల్చేశారు. సరిగ్గా ఆ మాటే నమ్మి, అందులోనూ గాలి ఎక్కువ వస్తుందని లావుపాటిది కొని, ఒకసారి చీకటి పడేవేళ రోడ్డు పక్కన కూర్చుని రెండు వందల దాకా లెక్కపెడుతూ, ఆ తర్వాత లెక్క మానేసి కొట్టాను. బొటనవేలితో నొక్కితే టైరు ఇంకా లోపలికి పోతూనే ఉంది. చేతులు పడిపోయి అలాగే బయల్దేరితే గతుకులో ట్యూబు రిమ్ముకు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు, అచ్చం పాము కాటు.

తర్వాత లెక్కేస్తే సంగతి తెలిసింది. సన్న టైరుకు గాలి ఒత్తిడి 100 పీఎస్ఐ, అంటే దాదాపు 7 బార్ కావాలనుకోండి. పంపు గొట్టం లోపలి వెడల్పు 30 మిల్లీమీటర్లు ఉంటే చివర్లో చేతి మీద పడేది 50 కిలోల బరువు. 20 మిల్లీమీటర్లయితే 22 కిలోలే. కాబట్టి సన్నగా ఉండాలి, సన్నగా ఉంటూ గాలి ఎక్కువ తోయాలంటే పొడుగ్గా ఉండాలి, ఇంకో దారి లేదు. ఫ్రేముకు తగిలించే పొడుగు పంపు అందుకే.

కొనే ముందు టేపు పెట్టి కొలవండి. ఫ్రేము పైకడ్డీ కింద, హ్యాండిల్ కిందున్న ముందు గొట్టం నుంచి సీటు గొట్టం దాకా లోపలి ఖాళీ ఎంతో చూసి ఆ సైజు తీసుకోవాలి. పిడిలో స్ప్రింగు ఉంటుంది కాబట్టి కొంచెం నొక్కి ఇరికిస్తే బిగుసుకుంటుంది. పైకడ్డీ వెనక్కి వాలిన ఫ్రేముల్లో అక్కడ నీళ్ల సీసా అడ్డొస్తుంది. అప్పుడు వెనక చక్రం పక్కన, గొలుసు లేని ఎడమవైపు సన్న కడ్డీకి కట్టుకోవచ్చు. ఎక్కడ పెట్టినా స్ప్రింగునొక్కదాన్నే నమ్మకండి, వెల్క్రో పట్టీ ఒకటి చుట్టండి. నాది గతుకులో ఎగిరిపడి రోడ్డు మీద దొర్లింది, చువ్వల్లోకి వెళ్లి ఉంటే ఈ ఉత్తరం ఆసుపత్రి నుంచి రాసేవాణ్ణేమో.

గాలి కొట్టేటప్పుడు పంపు తలను ఎడమచేత్తో పట్టుకుని, బొటనవేలు టైరు మీదుగా అవతలికి వేసి బిగించాలి. అలా పట్టకపోతే ప్రతి తోపుకీ వాల్వు అటూ ఇటూ ఊగి మొదలు దగ్గర చిరుగుతుంది, పంక్చర్ వేసిన ట్యూబుకి మళ్లీ పని.

టైరును ఒక్కసారిగా నింపే కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ బుడ్డి ఉండగా ఇదంతా ఎందుకని మిత్రులు నవ్వుతారు. 16 గ్రాముల బుడ్డి ఒక టైరుకే, రెండో పంక్చర్‌కు నడకే. పైగా కార్బన్ డయాక్సైడ్ రబ్బరులోంచి గాలికన్నా త్వరగా జారిపోతుంది, మర్నాటికి మళ్లీ పంపు వెతుక్కోవాల్సిందే.

ఇంకొకటి, పంపు కొన్న రోజే ఇంట్లో ఒక టైరు గాలి మొత్తం తీసేసి, దాంతోనే నింపి చూడండి. పంపు లోపల పిడి కడ్డీ చివరనుండే వాషర్ ఎండిపోయి గాలి వెనక్కి తన్నుతుంటే అక్కడే తెలిసిపోతుంది, ఒక చుక్క నూనెతో సరిపోతుంది.

- మీ పాఠకుడు