ఆ పడవ ప్రయాణం సంగతి రాస్తానన్నా కదా బావా

ఒరేయ్ బావా,

చెల్లెమ్మా, చిన్నాడూ బాగున్నారా. మార్చిలో కరీబియన్‌లో ఉన్న సెయింట్ మార్టిన్ దీవికి టికెట్లు కొనేశాం, ఒక రోజు పడవెక్కి పక్క దీవికి వెళ్దామనుకుంటున్నాం, దేనికెళ్ళమంటావ్ అని మొన్న ఫోన్లో అడిగావ్ కదా. అప్పుడు మీటింగ్ మధ్యలో ఉండి తర్వాత చెప్తా అని పెట్టేశాను గానీ అప్పట్నుంచీ బుర్రలో అదే తిరుగుతోంది, ఎందుకంటే సంక్రాంతికి మేం అక్కడున్న వారంలో నాలుగు రోజులు ఇంట్లో ఇదే చర్చ, నీకు ఒక్క ముక్కలో ఫలానాదానికి పో అని చెప్పేస్తే నాకు తృప్తిగా ఉండదు. అందుకే మొత్తం రాసేస్తున్నా, తీరిగ్గా చదువుకో.

మేం ఆరుగురం వెళ్ళాం అనుకో, అమ్మ, నాన్న, మా ఆవిడ, నేను, పాప, అక్కడ మెడిసిన్ చదువుతున్న మా చెల్లి. చెల్లి ఉండేది డచ్చి వాళ్ళ వైపు, సింప్సన్ బే దగ్గర. ఆ దీవి ఉత్తరం సగం ఫ్రాన్సుది, దక్షిణం సగం డచ్చి వాళ్ళది, 1648లో పంచుకున్నారట, మధ్యలో గేటూ లేదు, ఆపేవాడూ లేడు, కారు ఆగకుండానే దేశం మారిపోతుంది. అది చూసి పక్క దీవులకి కూడా అలాగే వెళ్ళిపోవచ్చులే అనుకోకు. పడవెక్కావంటే ఎటెళ్ళినా పాస్‌పోర్టు తియ్యాల్సిందే. ఆంగ్విల్లా బ్రిటిష్ వాళ్ళది, సెయింట్ బార్ట్స్ ఫ్రాన్సుది, సాబా డచ్చి వాళ్ళదే అయినా దాని ఇమిగ్రేషన్ వేరే. అమ్మానాన్నలవి ఇండియా పాస్‌పోర్టులు కాబట్టి చెల్లి రెండు వారాల ముందే ప్రతి చోటికీ మెయిల్ రాసి, వీసా సంగతి రాతలో తెప్పించి, ప్రింటు తీసి పెట్టింది. నీది కూడా ఇండియా పాస్‌పోర్టే కదరా, అన్నిటికంటే ముందు ఈ పని చెయ్. అమెరికా వీసా ఉంటే చాలు అని ఎవరో చెప్పారని రేవు దాకా పోవద్దు, పిల్లాణ్ణి వేసుకుని అక్కణ్ణించి వెనక్కి రావడం ఎంత బాధో ఆలోచించు.

ఇక దీవుల సంగతి. ఉత్తరాన ఆంగ్విల్లా, కొండ అన్నదే లేదు, సముద్రం మీద స్కేలు పెట్టి గీత గీసినట్టుంటుంది. ఫ్రెంచ్ వైపు మారిగో రేవులో ఫెర్రీ ఎక్కితే అరగంట లోపే అవతల బ్లోయింగ్ పాయింట్‌లో దిగిపోతావ్. ఎయిర్‌పోర్టు దగ్గర్నుంచి కూడా చిన్న స్పీడు బోట్లున్నాయి. ఆగ్నేయంలో సెయింట్ బార్ట్స్, పెద్ద పెద్ద సినిమా వాళ్ళూ, సొంత ఓడలున్న వాళ్ళూ వచ్చే చోటు, 1784 నుంచి 1878 దాకా స్వీడన్ వాళ్ళ చేతిలో ఉందట, అందుకే ఊరి పేరు వాళ్ళ రాజు పేరు మీద గుస్తావియా. మా ఆవిడకి మొదట అదే చూడాలని ఉండేది. కానీ అక్కడ గాలి ఎప్పుడూ తూర్పు నుంచే వీస్తుంది బావా, సెయింట్ బార్ట్స్‌కి వెళ్ళేటప్పుడు పడవ ఆ గాలికి ఎదురెళ్ళాలి, ముప్పావు గంటో గంటో ఎత్తి కుదేస్తూనే ఉంటుంది, పైగా డిసెంబరు జనవరుల్లో గాలి ఇంకా ఎక్కువ, క్రిస్మస్ విండ్స్ అంటారట. ఆ కష్టం పడి దిగితే అక్కడ మంచినీళ్ళ సీసా దగ్గర్నుంచీ అన్నీ ఖరీదే అని తెలిసి తనే వద్దులే అనేసింది.

మూడోది సాబా. నైరుతి వైపు, చెల్లి వాళ్ళ బాల్కనీ లోంచి కనిపిస్తుంది. సముద్రం మధ్యలో నిట్టనిలువుగా ఒక్కటే కొండ, నెత్తిన మబ్బు. మొత్తం కలిపి 13 చదరపు కిలోమీటర్లు, జనం రెండు వేల చిల్లర, బీచ్ అనేది దాదాపు లేదు, పడవ కూడా రోజూ ఉండదు. చెల్లి ఈ మాటలు చెప్తూ చెప్తూ అక్కడి రోడ్డు కథ చెప్పింది, అంతే, నాన్న కాఫీ గ్లాసు కింద పెట్టేశారు.

నాన్న సంగతి నీకు తెలుసుగా. ముప్పై రెండేళ్ళు ఆర్ అండ్ బీలో, అందులో ఆరేళ్ళు మారేడుమిల్లి ఘాట్ మీదే. ఆ కథేంటంటే, సాబాలో ఒకప్పుడు బండి అన్నదే లేదు, ఏ సామాను వచ్చినా రాతిలో చెక్కిన 800 మెట్ల మీంచి నెత్తిన మోసుకుంటూ పైకెక్కించడమే. రోడ్డు వేద్దామంటే యూరప్ నుంచి వచ్చిన ఇంజనీర్లు చూసి ఈ కొండకి రోడ్డు పడదు అనేశారు. అప్పుడు ఆ ఊరివాడే, జోసెఫస్ లాంబర్ట్ హాసెల్ అని, పోస్టులో పాఠాలు తెప్పించుకుని సివిల్ ఇంజనీరింగ్ నేర్చుకుని ఊరివాళ్ళని పోగేసి 1938లో మొదలుపెట్టాడు. యంత్రాల్లేవు, అంతా చేతుల్తోనే. 1943కి రేవు నుంచి ద బాటమ్ అనే ఊరి దాకా వచ్చింది, మొదటి జీపు 1947లో ఎక్కింది, మొత్తం పూర్తయ్యేసరికి 1958.

నాన్న అంతా విని, ఆ గ్రేడియంట్ ఎంతుంటుందే అని ఒక్క మాట అడిగి ఊరుకున్నారు. వెళ్దామా నాన్నా అంటే, ఎందుకురా, ఇక్కణ్ణించి కనిపిస్తోందిగా, అమ్మకి పడదు అన్నారు. అమ్మకి నిజంగానే పడదు. పాపికొండలు లాంచీలో సాయంత్రం దాకా హాయిగా కూర్చున్న మనిషి, కాకినాడ నుంచి హోప్ ఐలండ్ వెళ్ళి వచ్చేసరికి వాంతులతో నీరసపడిపోయింది, గోదారి వేరు సముద్రం వేరు. సాబాకి గంటంపావు, గంటన్నర పడుతుంది, అలలన్నీ పక్క నుంచి కొడతాయి. అందుకని నేను ఆంగ్విల్లాకే అందరికీ బుక్ చేసేద్దామనుకున్నా. ఆ రాత్రి అమ్మ వంటింట్లోకి పిలిచి, మీ నాన్న తెల్లారుజామున లేచి బాల్కనీలో నిలబడి ఆ కొండనే చూస్తున్నారురా, ఇంకోసారి ఇంత దూరం వస్తామా, నువ్వు ఆయన్ని తీసుకెళ్ళు, నేనూ కోడలూ పాపా చెల్లితో ఆ ఇసక దీవికి పోతాం అంది. నాకు మొదట మనసొప్పలేదు, అందరం కలిసి ఇంత దూరం వచ్చి ఉన్న ఒక్క పడవ రోజున రెండు ముక్కలవడమేంటి అని. మా ఆవిడ కూడా అమ్మ మాటే అంది, ఇంక సరే అన్నాను.

పొద్దున్నే ఇద్దరం ఒక్కో అవోమిన్ వేసుకున్నాం. ఇది బాగా గుర్తుపెట్టుకో, పడవ కదలడానికి గంట ముందే వేసుకోవాలి, వికారం మొదలయ్యాక వేసుకుంటే కడుపులో నిలబడదు. వెనక వైపు, కింద వరసలో మధ్యలో కూర్చుని దూరంగా నీళ్ళూ ఆకాశం కలిసే చోటే చూస్తూ ఉంటే చాలావరకు తట్టుకోవచ్చు, ఫోన్ మాత్రం తియ్యకూడదు. మా ముందు కూర్చున్న కుర్రాడు వీడియోలు చూసుకుంటూ ఉన్నవాడు ఇరవై నిమిషాల్లో సంచీ అడిగాడు. నాన్న శొంఠి ముక్క బుగ్గన పెట్టుకుని కదలకుండా కూర్చున్నారు, కొండ పెద్దదవుతున్నకొద్దీ ఆయన ముందుకి వంగుతున్నారు.

ఫోర్ట్ బే రేవులో దిగగానే టాక్సీ. డ్రైవరు పెద్దాయన, వాళ్ళ తాతగారు ఆ రోడ్డుకి రాళ్ళు మోశారట. ఆ రోడ్డు బావా, రేవు లోంచే గోడెక్కినట్టు ఎక్కుతుంది, మలుపు మీద మలుపు. రెండో హెయిర్‌పిన్ దగ్గర నాన్న ఆపమన్నారు. దిగి లోయ వైపు చూడలేదు, సముద్రం వైపు చూడలేదు, తిన్నగా గోడ దగ్గరికి వెళ్ళి అరచెయ్యి ఆనించారు. తర్వాత వంగి, అడుగున నీళ్ళు కారడానికి వదిలిన కన్నాల్లో ఒకదాంట్లో వేలు పెట్టి చూసి, తడిగా ఉన్న వేలు నాకు చూపించారు. ఇన్నేళ్ళయినా మూసుకుపోలేదురా, ఎవరో శుభ్రం చేస్తూనే ఉన్నారు అన్నారు. రాయి మీద రాయి జాయింట్లు తప్పించి ఎలా కూర్చారో చూపించారు, నీళ్ళని లోపలి వైపు డ్రెయిన్‌లోకి ఎలా మళ్ళించారో చూపించారు, మా ఘాట్‌లో కొట్టుకుపోయిన ప్రతి చోటా తప్పు రోడ్డుది కాదు, నీళ్ళకి దారి ఇవ్వకపోవడమే అన్నారు. చిన్నప్పుడు ఆయన సైటు నుంచి ఎర్రమట్టి బూట్లతో వచ్చి పడుకునేవారే తప్ప ఆయన పనేంటో నేనెప్పుడూ దగ్గర కూర్చుని వినలేదు బావా, నలభై ఏళ్ళొచ్చాక అక్కడ విన్నాను.

పైన విండ్‌వర్డ్‌సైడ్ అని ఊరు, అన్నీ తెల్ల గోడలు, ఎర్ర కప్పులు, ఆకుపచ్చ కిటికీ తలుపులు, బొమ్మరిల్లులా ఉంటుంది. మౌంట్ సీనరీ శిఖరానికి 1064 మెట్లు, నాన్న మోకాళ్ళకి కుదరదు కాబట్టి మేం పోలేదు. ఎయిర్‌పోర్టు మాత్రం పైనుంచి చూశాం, రన్‌వే మొత్తం 400 మీటర్లే, రెండు చివర్లా సముద్రమే, రోజూ ప్రయాణికుల విమానాలు దిగే వాటిల్లో ప్రపంచంలో అంత పొట్టిది లేదట.

సాయంత్రం వచ్చేసరికి రెండో బ్యాచ్ ముందే ఇంటికొచ్చి స్నానాలు కూడా చేసేశారు. అమ్మకి అసలేం కాలేదు, పడవెక్కి కళ్ళు మూసుకుని విష్ణు సహస్రనామం మొదలెట్టేసరికి సగంలోనే దిగమన్నారు అంటోంది. షోల్ బే అనే బీచ్‌కి వెళ్ళారట, ఇసక తెల్లగా బియ్యప్పిండిలా ఉందని పాప ఒక సీసాలో తేవాలనుకుంటే చెల్లి వద్దంది. నీళ్ళు పల్చగా ఉండి నడుం లోతులో కూడా పాదాలు కనిపించాయట, పాప నాలుగ్గంటలు నీళ్ళు వదల్లేదు. టాక్సీలకి చోటుని బట్టి రేటు ముందే ఉంటుంది, బేరం అక్కర్లేదు, రేవుల్లో డిపార్చర్ టాక్సు మాత్రం టికెట్‌తో కాకుండా విడిగా కట్టాలి, చేతిలో డాలర్లుంచుకో.

ఆంగ్విల్లా గురించి నీకు ఒక సంగతి చెప్పాలి. 1967లో ఆ దీవిని సెయింట్ కిట్స్ అనే ఇంకో దీవితో కలిపేసి బ్రిటన్ పక్కకి తప్పుకుంటే ఆ జనం ఒప్పుకోలేదు, వచ్చిన పోలీసుల్ని పడవెక్కించి పంపేసి, మేం బ్రిటన్ కిందే ఉంటాం, వాళ్ళ కింద ఉండం అన్నారు. 1969లో బ్రిటిష్ సైన్యం దిగితే ఒక్క ప్రాణం పోలేదు, చివరికి 1980లో వాళ్ళు కోరుకున్నట్టే విడిపోయారు. నువ్వు పోయినేడు కంపెనీ వెబ్‌సైట్ పేరుకి డాట్ ఏఐ కొన్నావ్ చూడు, ఆ ఏఐ అంటే ఆంగ్విల్లాయే, ఆ పేర్ల మీద వచ్చే డబ్బు ఇప్పుడు ఆ ప్రభుత్వానికి పెద్ద ఆదాయం. నువ్వు కట్టిన దాంట్లో కొంత అక్కడికి ముందే చేరిందన్నమాట.

అందుకని నీకు నేను చెప్పేది ఆంగ్విల్లాయే. మార్చికి చెల్లెమ్మకి ఆరో నెల, చిన్నాడికి మూడేళ్ళు, గంటన్నర కుదుపుల్లో వాళ్ళని కూర్చోపెట్టొద్దు. ఆ అరగంట పడవకి కూడా డాక్టర్ని అడిగే వెళ్ళు, టాబ్లెట్ కూడా అడక్కుండా వెయ్యొద్దు. ఆ రోజు పొద్దున గాలి ఎక్కువుందనిపిస్తే మానేసి మర్నాడు వెళ్ళు, అందుకే చివరి రోజుకి పెట్టుకోకు. సాబాకి నీకూ నాకూ ఇంకోసారి కుదురుతుంది, ఆ మెట్లన్నీ ఎక్కుదాం, నేను వస్తా.

అన్నట్టు, విండ్‌వర్డ్‌సైడ్‌లో ఒక ముసలావిడ దగ్గర నాన్న లేసు రుమాలు ఒకటి కొన్నారు. సాబా లేసని అక్కడ ఆడవాళ్ళు నూట యాభై ఏళ్ళ నుంచీ చేస్తున్నారట. అమ్మ నరసాపురం మనిషి కదా, పెళ్ళికి ముందు లేసు అల్లి తన చీరలు తనే కొనుక్కున్న మనిషి. రుమాలు చేతికిస్తే బాగుందని గానీ ఎంతయిందని గానీ అనలేదు, ముందు తిరగేసింది. దీపం కిందకి తీసుకెళ్ళి వెనక వైపు గోటితో అలా అలా రాసి, ఇది అల్లింది కాదండీ, బట్టలోంచి దారాలు లాగేసి మిగిలిన వాటిని ముళ్ళేసి పువ్వు తెచ్చారు, ఒక్క దారం ఎక్కువ లాగితే బట్టంతా పోతుంది అంది. నాన్న కళ్ళజోడు పెట్టుకుని పక్కన కూర్చున్నారు, ఎక్కడా, ఏదీ చూపించు అంటూ. అలా ఇద్దరూ దాని మీదకి వంగి ఎంతసేపున్నారో, చెల్లి భోజనానికి రెండు సార్లు పిలిచింది.

వీసా మెయిల్ ఈ వారమే పెట్టు. పెట్టాక నాకు ఫోన్ చెయ్.

నీ
బావ